అప్పలనరసమ్మగారి మార్చింగ్-ఇన్

నా ఉద్యోగంలో ఇరవై నాలుగో ఏట, జూన్ మొదటి వారంలో, నన్ను మలేషియాకి పోస్టింగు చేశారు. అప్పటికి నేను వైమానిక దళంలో వారంట్ ఆఫీసర్ని. పేరులో ఆఫీసర్ ఉన్నా అధికారిని కాను, అలాగని మామూలు సిపాయినీ కాను. అధికారులు సంతకం పెట్టే కాగితాలు తప్పుల్లేకుండా తయారుచేసే మనిషినని చెబితే సరిపోతుంది. నా అసలు పని విమాన ఇంజన్ల మరమ్మతు. జార్జ్ టౌన్ నుంచి ఫెర్రీ దాటితే వచ్చే ఒడ్డున ఉన్న ఊళ్ళో, అక్కడి కుర్రాళ్ళకి ఆ పని నేర్పడానికి మా అయిదుగురి బృందం రెండేళ్ళకి వెళ్ళింది. బృందనాయకుడు వింగ్ కమాండర్ గిల్. పంజాబీ మనిషి. ఆయన ముందు దగ్గాలన్నా మేం ఒకసారి ఆలోచించుకునేవాళ్ళం.

ఈ పోస్టింగుకి కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళవచ్చు. అయితే ఒక నిబంధన ఉంది. మొదటి పద్నాలుగు రోజులు హోటల్లో ఉండనిస్తారు. ఆలోగా అద్దె ఇల్లు చూసుకోవాలి. బృందనాయకుడు వచ్చి ఇల్లు చూసి, ఇంటివాళ్ళ సంతకం ఉన్న పత్రం చూసి, వసతి ధ్రువపత్రం మీద తన సంతకం పెట్టాలి. అది కాకపోతే పదిహేనో రోజు విమానంలో భార్యాపిల్లలు వెనక్కి వెళ్ళిపోవాలి. నా భార్య వరలక్ష్మి కాకినాడలో తను చేస్తున్న టీచరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చింది. అమ్మాయి హారిక తొమ్మిదో తరగతి మొదలుకాకుండానే టీసీ తీసుకుని వచ్చింది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో సగం నేనొక చోట, వాళ్ళొక చోట. ఈ రెండేళ్ళయినా ఒక కప్పు కింద ఉందామని వరలక్ష్మి ఆశ. వెనక్కి వెళ్తే తనకి ఉద్యోగమూ లేదు, నేనూ ఉండను.

ఇక్కడ మా వృత్తి మాట ఒకటి చెప్పాలి. సైన్యంలో క్వార్టరు చేతికొచ్చే రోజు జరిగే తంతుని మార్చింగ్-ఇన్ అంటారు. కవాతు ఏమీ ఉండదు. గుమాస్తా ఒకడు అట్ట పట్టుకుని వస్తాడు. ఇంట్లో బల్బులెన్ని, మేకులెన్ని, ఏ అద్దం పగిలింది, ఏ కుళాయి కారుతోంది అన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ రోజు రాయించని పగులు ఖాళీ చేసే రోజున మన నెత్తిన పడుతుంది. కాబట్టి ఎన్ని లోపాలు ఎక్కువ రాయిస్తే అంత తెలివైనవాడని లెక్క. పదకొండు క్వార్టర్లలో పదకొండుసార్లూ నేను తెలివైనవాణ్ణే. ఒకచోట నా జాబితా చూసి గుమాస్తా సెలవు పెట్టి వెళ్ళిపోయాడు.

మలేషియాలో ఇల్లు దొరకడం నేననుకున్నంత తేలిక కాలేదు. ఇద్దరు ఇంటివాళ్ళు ఫోన్లో మా ఊరూ పేరూ వినగానే ఇల్లు ఖాళీ లేదన్నారు. ఇస్తామన్నవాళ్ళ ఇళ్ళు నాకు నచ్చలేదు. ఒక దాంట్లో గోడకి చెమ్మ, ఇంకో దాంట్లో లిఫ్టు శబ్దం, మరో దాంట్లో స్విచ్చిబోర్డు తలకిందులు. పదిరోజులు ఇలాగే గడిచాయి. మిగతా నలుగురూ అప్పటికే ఇళ్ళల్లో చేరి చపాతీలు ఒత్తుకుంటున్నారు.

పదకొండో రోజు, మంగళవారం, వరలక్ష్మి, హారిక పసర్‌కి, అంటే అక్కడి కూరగాయల సంతకి వెళ్ళారు. కరివేపాకు ఏదీ అని తల్లి, కళ్ళ ముందే ఉంది కదా అని కూతురు తెలుగులో వాదులాడుకుంటుంటే, వెనకనుంచి ఒక పెద్దావిడ గబుక్కున తిరిగి, "ఏటమ్మా, తెలుగోరా?" అందట. ఆవిడే అప్పలనరసమ్మగారు. డెబ్భై దాటిన మనిషి. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోటల్లో పనికి వచ్చారు. ఈవిడ బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టి, లారీ డ్రైవరుని పెళ్ళిచేసుకుని ఈ ఊరొచ్చారు. భర్త పోయి నాలుగేళ్ళు. మనవలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. తన ఇంటికి ఆనుకుని ఇంకో ఇల్లుంది, ఖాళీగా ఉంది, వచ్చి చూడమన్నారు. వరలక్ష్మి అప్పుడే వెళ్ళి చూసి వచ్చింది. హోటలుకి వచ్చినప్పుడు తన మొహం చూడాలి! పండగే. నేను మాత్రం, తనిఖీ చేశాక చెబుతాను అన్నాను.

బుధవారం ఉదయం పదింటికి రసమట్టం, టేపు, టార్చి, స్టాప్‌వాచీ, మూడు ప్రతుల ఫారం పట్టుకుని, వరలక్ష్మినీ హారికనీ వెంటబెట్టుకుని ఆవిడ గేటు ముందు హాజరయ్యాను. అప్పలనరసమ్మగారు పూల నైటీ మీద తువ్వాలు కప్పుకుని, గాజుగ్లాసులో చిక్కటి టీ తెచ్చి నా చేతికివ్వబోయారు. తనిఖీ అయ్యాక తాగుతానండి అన్నాను. ఆవిడ నా చేతిలో సామాను చూసి, "ఏటి బాబూ, ఇల్లు అద్దెకుంతావా, పడగొట్టడానికొచ్చినావా?" అని నవ్వారు. నేను నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు నేను నవ్వను.

రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి కుళాయి కింద బకెట్టు పెట్టి ఎన్ని క్షణాల్లో నిండుతుందో చూశాను. హారిక టేపు రెండో కొస పట్టుకుంది. మంచం కింద పడుకుని టార్చి వేశాను. మొత్తం అరవై మూడు లోపాలు తేలాయి. సత్యం చెప్పాలంటే అరవై రెండే. అరవై మూడోది, పెరట్లో జంబూ అనే పళ్ళ చెట్టు మా వైపు కంటే ఆవిడ వైపు ఎక్కువ కాసింది అని, కొంచెం ఉత్సాహంలో రాశాను.

సంతకం పెట్టమని ఫారం ఇస్తే, తనకి తెలుగు మాటే తప్ప అక్షరాలు రావని, రాసిందేమిటో చదవమని ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. నేను అటెన్షన్లో నిలబడి మొదలుపెట్టాను. హాలు: మేకులు పదకొండు, తుప్పు పట్టినవి నాలుగు. వంటిల్లు: కిటికీ గడియ వదులు. దేవుడి పటాలు ఆరు, ఒక అద్దానికి పగులు. బల్లులు మూడు, అందులో ఒకదానికి తోక లేదు, మేము రాకముందు నుంచే లేదు. ఆవిడ "ఓరి నాయనోయ్!" అంటూ కడుపు పట్టుకుని నవ్వారు. వరలక్ష్మి ఆపమని కళ్ళతో సైగ చేస్తూనే ఉంది. నలభై ఒకటో అంశానికి వచ్చాను. ముందు తలుపు: ద్వారబంధం ఎడమకి అర అంగుళం ఒరిగింది. కారణం: నాసిరకం పనితనం.

కారణం అనే గడి ఫారంలోనే ఉంది. గడి ఉంటే నింపడం నా అలవాటు.

అప్పలనరసమ్మగారి నవ్వు ఆగిపోయింది. ఆ తలుపు వైపు తిరిగారు. "ఆ తలుపు మా ఆయన ఎట్టినాడు బాబూ. పగలంతా లారీ తోలీసి, సందేళ వచ్చి, ఒక్కడే కట్టినాడు ఈ ఇల్లు. ముప్పయ్యేళ్ళలో ఎవుడూ ఒక్క మాటనలేదు. నువ్వొచ్చి గడియారం ఎట్టి కుళాయి సూసినావు, సరే అన్నాను. బల్లులు లెక్కెట్టినావు, సరే అన్నాను. సచ్చిపోయినోడి పని నాసిరకమంతావా? ఇల్లియ్యను. ఎల్లిపో లా."

అక్కడివాళ్ళు మాట చివర చేర్చే ఆ "లా" మామూలుగా మెత్తగా ఉంటుంది. ఆ రోజు తలుపేసినట్టు ఉంది. టీ గ్లాసు కూడా లోపలికి తీసుకెళ్ళిపోయారు.

హోటలుకి వచ్చాక వరలక్ష్మి నేరుగా సామాను దగ్గరికి వెళ్ళింది. మా తొమ్మిది నల్లరేకు పెట్టెల్లో ఒకటో నంబరు తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేను నిబంధనలు వివరించబోయాను. అప్పుడు తిరిగింది నా మీదకి.

"పంతొమ్మిదేళ్ళండీ. పదకొండు క్వార్టర్లు. ప్రతి ఇంట్లో మేకులు లెక్కపెట్టారు. ఒక్కసారైనా, ఈ ఇల్లు నీకు నచ్చిందా అని నన్నడిగారా? ఆ ఫారంలో ఆ గడి లేదు కదూ, అందుకే మీకు తోచలేదు" అంది. హారిక బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇంజను విప్పి మళ్ళీ బిగించాక ఒక బోల్టు చేతిలో మిగిలిపోతే గుండె ఎలా జారుతుందో, అలా జారింది. సిగ్గేసింది.

గురువారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. నేను క్షమాపణ పత్రం తయారుచేసుకున్నాను, నాలుగు పేరాలు, పేరాలకి నంబర్లు. గేటు దగ్గర ఆగి, ఎలా అడగాలో తెలియక గొంతు సవరించుకుని, "ఈ ఇల్లు నీకు నచ్చిందా?" అని వరలక్ష్మిని అడిగాను. తను నన్ను ఎగాదిగా చూసింది. నచ్చిందంది. వంటింటి కిటికీలోంచి వీధిలో మనుషులు కనిపిస్తారట. ఇన్నేళ్ళూ మన వంటింటి కిటికీల్లోంచి నీళ్ళట్యాంకులూ, ముళ్ళకంచెలూ తప్ప ఏం కనిపించాయి అంది. నా జాబితాలో ఆ కిటికీ గురించి గడియ వదులని మాత్రమే ఉంది.

అప్పలనరసమ్మగారు నా పత్రం వంక చూడనైనా చూడలేదు. వరలక్ష్మి ఆవిడ చేతులు పట్టుకుని, "అమ్మా, ఆయన తీరే అంత. మనసులో చెడ్డ లేదు. తప్పయిపోయింది" అంది. ఆవిడ మా ముగ్గుర్నీ చూసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"నా ఇల్లు నువ్వు లెక్కెట్టినావు. మరి మిమ్మల్ని నాను లెక్కెట్టొద్దా? రెండేళ్ళు నా పక్కనుండేది మీరు. ఇదిగో గుంటా, నాను సెప్తాను, నువ్వు రాయి. ఆ గడియారం ఇలగియ్యి బాబూ."

గుంట అంటే ఆడపిల్ల; కాగితం, కలం హారిక చేతికి వెళ్ళాయి. నా స్టాప్‌వాచీ ఆవిడ చేతికి వెళ్ళింది. నా టేపూ వెళ్ళింది. నన్ను వరండా మధ్యలో నిలబెట్టి చుట్టూ ఒకసారి తిరిగారు. ముందు నా నడుం కొలిచి, పొట్ట రెండంగుళాలు ముందుకి ఒరిగిందని రాయించారు. కారణం కూడా రాయించారు: సొంత పనితనం. తర్వాత నన్ను పెరట్లోకి పొమ్మని, నన్ను పిలవమని వరలక్ష్మితో చెప్పారు. నేను క్షమాపణ పత్రం మడత సరిచేసుకుని వచ్చేసరికి పద్నాలుగు క్షణాలయ్యాయి. "పెళ్ళాం పిలిస్తే పలకడం ఆలీసం. రాయి." ఆ తర్వాత నవ్వమన్నారు. నవ్వాను. ఇంకోసారి నవ్వమన్నారు. "దార సన్నంగా వత్తంది. బకెట్టు నిండదు. రాయి." హారిక ఇంత శ్రద్ధగా ఏ పరీక్షా రాయలేదని నా నమ్మకం. నాలుక బయటపెట్టి మరీ రాసింది.

ఒక గిన్నె ఇచ్చి తోమమన్నారు. తోమాను. అడుగున మసి తగ్గలేదని రాయించారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరుకున్నాను. అమ్మాయి తనంతట తానుగా మరో అంశం చేర్చింది, నాన్న నా నోటుపుస్తకంలో కూడా రిమార్కులు రాస్తాడని. నువ్వేటి సెప్తావమ్మా అని ఆవిడ అడిగితే, వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పు తనదైనప్పుడు ఆయన గొంతు తగ్గదమ్మా, పేరాలు పెరుగుతాయి" అంది. నా చేతిలోని పత్రం జేబులో పెట్టుకున్నాను.

పదిహేను లోపాలు నావి. హారిక మీద ఒకటి: గుంట బక్కగా ఉంది, తిండెట్టాల. చివరిది వరలక్ష్మి మీద. ఆవిడ కాస్త ఆలోచించి చెప్పారు. "మంచి మనిసి. అన్నీ ఓర్సుకుంతాది. ఇదీ లోపమే, రాయి." అక్కడ ఎవరూ నవ్వలేదు. వరలక్ష్మి తల వంచుకుని నేల చూసింది. నేనూ నేలే చూశాను.

కాగితం నాకిచ్చి సంతకం పెట్టమన్నారు. లోపాలు ఉన్నవి ఉన్నట్టుగా అంగీకరిస్తున్నాను అని రాసి, పేరూ, హోదా, నంబరూ వేశాను. ఆవిడ కింద తమిళ అక్షరాల్లో సంతకం చేశారు. చిన్నప్పుడు తోట బడిలో నేర్పింది తమిళమేనట. నా అరవై మూడు అంశాల ఫారం మీద మాత్రం చచ్చినా సంతకం పెట్టనన్నారు. ఇల్లు ఇస్తానన్నారు. టీ ఇచ్చారు. ఈసారి ఇచ్చినప్పుడే తాగాను.

సంతోషంలో ఒక సంగతి మరిచిపోయాను. శుక్రవారం పదకొండింటికి వింగ్ కమాండర్ గిల్ వస్తారు. ఇంటివాళ్ళ సంతకం ఉన్న పత్రం అడుగుతారు. అలాంటి పత్రం నా దగ్గర ఒక్కటే ఉంది.

ఆయన వచ్చారు. ముందు తలుపు కొంచెం పట్టేస్తే భుజంతో తోసి లోపలికి వచ్చారు. గదులు చూశారు, కుళాయి తిప్పారు, చెయ్యి చాపారు. నేను కాగితం ఇచ్చాను. ఇదేం భాష అన్నారు. తెలుగు సార్ అన్నాను. హిందీలో చదివి చెప్పమన్నారు.

వరలక్ష్మి, హారిక, అప్పలనరసమ్మగారు గోడవారగా వరసలో నిలబడి ఉన్నారు. ఆయనకి తెలుగు రాదు. పెద్దావిడకి హిందీ రాదు. ఇల్లు బాగుంది, లోపాలేమీ లేవు అని చదివేస్తే అర నిమిషంలో సంతకం అయిపోతుంది. నిజం చదివితే, ఈ వారంట్ ఆఫీసరు విదేశంలో దేశం పరువు తీస్తున్నాడని ఫైలు మూసేసి వెళ్ళిపోవచ్చు. మర్నాటి విమానంలో రెండు సీట్లు మావాళ్ళ పేరు మీద అలాగే ఉన్నాయి. అయితే మా వృత్తిలో ఒక పాపానికి నిష్కృతి లేదు. చూడనిది చూశానని, లేనిది ఉందని కాగితం మీద చెప్పకూడదు. ఇంజను దగ్గర ఆ అబద్ధం మనుషుల్ని చంపుతుంది. ఇరవై నాలుగేళ్ళ అలవాటు నా నోరు తిరగనివ్వలేదు. మొదటి అంశం నుంచి పదిహేడో అంశం దాకా, పొట్టతో సహా, ఉన్నది ఉన్నట్టు చదివాను.

గిల్ గారు కాగితం తీసుకుని నా సంతకం వంక చూశారు. తర్వాత పెద్దావిడని ఇంగ్లీషులో అడిగారు, ఇన్ని లోపాలున్న మనిషికి ఇల్లెలా ఇస్తున్నారని. ఆవిడకి ప్రశ్న అర్థమైంది, జవాబు మాత్రం తెలుగులోనే చెప్పారు. దాన్నీ నేనే అనువదించాల్సి వచ్చింది.

"మా ఆయనా ఒంకరే బాబూ. ఆ తలుపు సూసినావు కదా, ఒంకరగానే ఎట్టినాడు, నాకు తెలీదేటి? నలభయ్యేళ్ళ పైన కాపురం సేసినాను. తలుపూ ఊడనేదు, నానూ ఎల్లిపోనేదు. బాగవుతాడు లా."

అదీ ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. గిల్ గారు కిటికీ వైపు తిరిగి, కలం తీసి, ధ్రువపత్రం మీద ఒక వాక్యం రాశారు: "లోపాలు నమోదయ్యాయి. పరిమితులతో వినియోగానికి తగినది." చిన్నచిన్న లోపాలున్నా ఎగరడానికి పనికొచ్చే విమానాన్ని వదిలేటప్పుడు మేం రాసే మాట అది. ఇంటి గురించి రాశారో నా గురించి రాశారో నేను అడగలేదు. సంతకం పెట్టేముందు ఆయన వరలక్ష్మి వైపు తిరిగి, మేడమ్, మీకు ఇది సమ్మతమేనా అన్నారు.

"ఇల్లు సమ్మతమే సార్" అంది వరలక్ష్మి. "ఆయన్ని పంతొమ్మిదేళ్ళ కిందటే తీసుకున్నాను. అప్పట్లో లిస్టు చూపించలేదు."

వింగ్ కమాండర్ గిల్ నవ్వగా చూసింది ఆ ఒక్కరోజే. నవ్వుతూనే సంతకం పెట్టారు. విమానం సీట్లు రద్దు చేయించమని నాతో చెప్పి వెళ్ళిపోయారు.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది. మార్చింగ్-ఇన్ ఒకవైపు నుంచే జరగడం పద్ధతిలో ఉన్న లోపం. ఇంటి లోపాలు రాసే మనిషి ముందుగా ఇంటివాళ్ళ చేత తన లోపాలు రాయించుకుని సంతకం పెట్టాలి. ఫారంలో కారణం అనే గడి తీసేసి, ఆ చోట భార్య అభిప్రాయం అనే గడి పెట్టాలి. ఈ రెండు సవరణలూ సిఫారసు చేస్తూ తిరిగొచ్చాక పై కార్యాలయానికి రాశాను, ఒకే పేరాలో. జవాబు రాలేదు. పన్నెండో క్వార్టరులో చేరినప్పుడు మాత్రం భార్య అభిప్రాయం గడిని నేనే చేత్తో గీసి, వరలక్ష్మి చేత నింపించాను.